నీకు తగ్గింది గ్రోత్ హార్మోన్ కాదు తమ్ముడూ

ప్రశ్న: సార్ నమస్తే. నాకు 32 ఏండ్లు, మాది సిద్దిపేట దగ్గర ఒక ఊరు, హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ జాబ్, ఎక్కువ నైట్ షిఫ్టే ఉంటది. పెండ్లయి మూడున్నర ఏండ్లు, రెండేండ్ల సంది పిల్లల కోసం చూస్తున్నం. నా భార్యకు 29, ఆమెకు స్కానింగులు, ట్యూబ్ టెస్టు అన్నీ అయినయ్, నార్మలే అన్నరు. నా రిపోర్టుల స్పెర్మ్ కౌంట్ 3 మిలియన్లు, మొటిలిటీ 20 శాతం వచ్చింది. ఎల్‌హెచ్ 0.8, ఎఫ్‌ఎస్‌హెచ్ 0.9, టెస్టోస్టెరాన్ 190, ఐజీఎఫ్-1 168, గ్రోత్ హార్మోన్ 0.1. మా జిమ్ ట్రైనర్ చూసి నీకు గ్రోత్ హార్మోనే లేదు, అందుకే హైట్ కూడా తక్కువున్నవ్ (నేను 5 అడుగుల 4 అంగుళాలు), మూడు నెలలు జీహెచ్ ఇంజెక్షన్లు ఏస్తే కౌంట్ దానంతట అదే లేస్తది అన్నడు. నెలకు 30 వేలు అయితదంట. మా అక్క కొడుక్కు 9 ఏండ్లు, వానికి పెద్ద డాక్టరే గ్రోత్ హార్మోన్ ఇస్తున్నడు, మరి అది మంచిదే కదా సార్? నాకు సిగరెట్, మందు అలవాటు లేవు. ఇంతకుముందు బాడీ కోసం ఏవో మూడు కోర్సులు ఏసుకున్న, టెస్టో ఇంజెక్షన్లు, లాస్ట్‌ది అయిపోయి నాలుగు నెలలైంది, ఇప్పుడైతే ఏం లేవు. మా నాన్నకు షుగర్ ఉంది. నా భార్యకు ఈ కోర్సుల సంగతి తెల్వది. మీ తమ్ముడనుకొని చెప్పండి.

జవాబు:

తమ్ముడనుకోమన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు. నీ ఉత్తరం రెండుసార్లు చదివా. మొత్తం గ్రోత్ హార్మోన్ గురించే అడిగావు, ఎత్తు, మేనల్లుడు, ముప్పై వేలు అన్నీ వివరంగా రాశావు, చివర్లో మాత్రం "ఏవో మూడు కోర్సులు ఏసుకున్న" అని ఒక్క లైన్ అలా పడేసి వెళ్ళిపోయావు. మా ఓపీలో కూడా ఇంతే, పేషెంటు ఇరవై నిమిషాలు కూర్చుని ఏదేదో చెప్తాడు, లేచి బయటికెళ్ళి చెప్పులేసుకుంటూ "ఆఁ సార్, అన్నట్టు ఇంకొకటి" అంటాడు చూడు, అసలు జబ్బు అక్కడుంటుంది. నీది కూడా చెప్పులేసుకుంటూ చెప్పిన మాటే.

ముందు నీ రిపోర్టు నుంచే మొదలుపెడదాం, గ్రోత్ హార్మోన్ సంగతి తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం, అదీ చెప్పాల్సింది చాలానే ఉంది.

వీర్యకణాలు తయారవ్వాలంటే మెదడు కింద బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి నుంచి రెండు ఆర్డర్లు రావాలి. ఒకటి ఎల్‌హెచ్, ఇది వృషణాల్లో ఉన్న లేడిగ్ కణాలకు వెళ్ళి టెస్టోస్టెరాన్ తయారు చెయ్యి అంటుంది. రెండోది ఎఫ్‌ఎస్‌హెచ్, ఇది సెర్టోలి కణాలకు వెళ్తుంది, అవి వీర్యకణాలను చంటిపిల్లల్లా సాకే కణాలు. ఈ రెండూ నీకు 1 అంకె కూడా దాటలేదు, 0.8, 0.9. పైగా నీ టెస్టోస్టెరాన్ 190 ఉంది, మామూలుగా మగవాళ్ళలో 300కి పైన ఉండాలి. టెస్టోస్టెరాన్ అంత కింద పడిపోతే పిట్యూటరీ ఏం చెయ్యాలి, గట్టిగా అరవాలి, ఎల్‌హెచ్ పెంచాలి. నీ పిట్యూటరీ అరవట్లేదు, పడుకునుంది. ఎందుకు పడుకుంది అంటే నువ్వే పడుకోబెట్టావు.

ఇంటి మీద ట్యాంకు, కింద ఆటోమేటిక్ మోటరు ఉన్నాయనుకో. ట్యాంకు నిండితే మోటరు దానంతటదే ఆగిపోతుంది. నువ్వు బయట నుంచి టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ వేసుకున్నప్పుడు, టాంకరు తెప్పించి పై ట్యాంకు పొర్లేలా నింపినట్టు, మెదడు చూసి "ఓహో ఇక్కడ కావాల్సినంత ఉందే" అనుకుని మోటరు ఆపేస్తుంది, అంటే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ బంద్. ఇక్కడ చాలామందికి తెలియని సంగతొకటుంది, వృషణం లోపల ఉండాల్సిన టెస్టోస్టెరాన్ రక్తంలో ఉండేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అంత ఉంటేనే వీర్యకణాలు తయారవుతాయి, అది అక్కడికక్కడే తయారవ్వాలి తప్ప చేతికో తుంటికో వేసిన ఇంజెక్షన్‌తో ఆ స్థాయి రాదు. అందుకే కండలు పెరుగుతుంటాయి, గడ్డం దట్టంగా వస్తుంది, మనిషి చూడ్డానికి పోట్లగిత్తలా ఉంటాడు, లోపల మాత్రం వీర్యకణాల ఫ్యాక్టరీకి తాళం పడిపోతుంది. ఇది నేను భయపెట్టడానికి చెప్తున్నది కాదు, టెస్టోస్టెరాన్‌ని మగవాళ్ళకు గర్భనిరోధక ఇంజెక్షన్‌గా వాడొచ్చా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళే ట్రయల్ చేశారు, 1990లో ఫలితాలు వచ్చాయి, 271 మంది ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకు వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఇస్తే ఆరు నెలల్లోపు 157 మందిలో వీర్యకణాలు పూర్తిగా సున్నా అయ్యాయి. జిమ్ముల్లో ఎక్కించే డోసులు అంతకంటే ఎక్కువే ఉంటాయి చాలాసార్లు. పిల్లలు వద్దనుకునే వాళ్ళ మీద పరీక్షించిన మందుని నువ్వు పిల్లల కోసం చూస్తూ మూడు కోర్సులు వేసుకున్నావు.

టాంకర్లు ఆపేసి నాలుగు నెలలైంది కదా, మోటరు మళ్ళీ ఎందుకు స్టార్ట్ కాలేదంటావా. టైం పడుతుంది. ఒక వీర్యకణం మొదటి నుంచి తయారవ్వడానికే 74 రోజులు, అక్కణ్ణుంచి బయటకు వచ్చే గొట్టంలో పక్వానికి రావడానికి ఇంకో రెండు వారాలు, అంటే ఇవ్వాళ మెదడు మేల్కొన్నా దాని ఫలితం రిపోర్టులో కనపడేది మూడు నెలల తర్వాతే. ఎక్కువమందికి ఆరు నెలల నుంచి ఏడాదిలో తిరిగొస్తుంది, కొందరికి రెండేళ్ళు కూడా పడుతుంది, ఎన్ని కోర్సులు వేశారు, ఎంత డోసు, వయసెంత అనేదాన్ని బట్టి. నీకు సున్నా కాకుండా 3 మిలియన్లు ఉన్నాయంటే ఫ్యాక్టరీలో ఒకటో రెండో లైట్లు వెలుగుతున్నాయనే లెక్క. (నార్మల్‌కి కింది గీత మిల్లీలీటరుకు 16 మిలియన్లు, కదలిక (మొటిలిటీ) మొత్తం 42 శాతం, ఇవి 2021లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలు. ఆ గీత కింద ఉంటే పిల్లలు పుట్టరని కాదు, అవకాశం తగ్గుతుందని.)

ఇప్పుడు ఆ 0.1 సంగతి. మీ ట్రైనర్ ఆ అంకె చూసి నీకు గ్రోత్ హార్మోనే లేదన్నాడు. నాకు తెలిసి ఆ టెస్టు నువ్వు ఉదయం ల్యాబుకెళ్ళి ఇచ్చుంటావు, పది పదకొండు గంటలకి. గ్రోత్ హార్మోన్ రోజంతా సమానంగా కారే కుళాయి నీళ్ళలాంటిది కాదు, విడతలు విడతలుగా ఎగజిమ్ముతుంది, పెద్ద విడత రాత్రి గాఢనిద్ర పట్టిన మొదటి గంటల్లో వస్తుంది, మధ్యలో పగలు తీస్తే ఎంతటి ఆరోగ్యవంతుడికైనా దాదాపు సున్నానే ఉంటుంది. రెండు రైళ్ళ మధ్యలో ప్లాట్‌ఫాం మీదకెళ్ళి ఖాళీగా ఉందని ఈ ఊరికి అసలు రైలే లేదు అంటే ఎట్లుంటుంది? అలా ఉంది ఆ మాట. అసలా టెస్టు పేకేజీలో పెట్టి అమ్మడమే తప్పు, పెద్దవాళ్ళలో లోపం ఉందా అని నిజంగా చూడాలంటే ఆస్పత్రిలో కూర్చోబెట్టి ఇన్సులిన్‌తోనో గ్లూకగాన్‌తోనో పిట్యూటరీని రెచ్చగొట్టి, కొన్ని గంటల పాటు మాటిమాటికీ రక్తం తీసి చూస్తాం. ఆ పరీక్ష కూడా కారణం ఉంటేనే చేస్తాం, అంటే పిట్యూటరీలో గడ్డ, దానికి ఆపరేషనో రేడియేషనో, తలకు పెద్ద దెబ్బ, చిన్నప్పుడే లోపం ఉన్నవాళ్ళు, ఇట్లాంటివి.

నీ రిపోర్టులో అసలు చూడాల్సిన అంకె పక్కనే ఉంది, ఐజీఎఫ్-1 168. గ్రోత్ హార్మోన్ కాలేయానికి వెళ్ళి చెప్తే కాలేయం తయారుచేసేది ఇది, ఇది రోజంతా నిలకడగా ఉంటుంది. నీ వయసుకు 168 శుభ్రంగా నార్మల్. గ్రోత్ హార్మోన్ లేకుండా కాలేయం దీన్ని ఇంత తయారు చెయ్యదు. అంటే నీ రైళ్ళు టైముకే వస్తున్నాయి, నువ్వు చూసినప్పుడు లేవు అంతే.

ఎత్తు కూడా అంతే. 5 అడుగుల 4 అంగుళాలు పొట్టి అని నీకెవరు చెప్పారు, నాన్నగారి ఎత్తు ఎంత, అమ్మ ఎత్తు ఎంత, ఒకసారి గోడకి నిలబెట్టి కొలువు. నిజంగా పుట్టుకతో గ్రోత్ హార్మోన్ లేనివాళ్ళు వైద్యం లేకపోతే ఎంత ఎదుగుతారో తెలుసా, బ్రెజిల్‌లో సెర్జిపే రాష్ట్రంలో ఇతబయానిన్యా అనే ఊరుంది, అక్కడ ఒకే పెద్ద కుటుంబంలో ఒక జన్యులోపం తరతరాలుగా వస్తూ వంద మందికి పైగా ఇలాంటివాళ్ళు ఉన్నారు, వైద్యం అందని పెద్దవాళ్ళు నాలుగున్నర అడుగులు కూడా ఉండరు. నేను ఆ ఊరి పేరు ఊరికే ఎత్తలేదు, నీ ప్రశ్నకి అసలైన జవాబు అక్కడే ఉంది. ఆ మగవాళ్ళకి గ్రోత్ హార్మోన్ దాదాపు లేదు, యవ్వనం ఆలస్యంగా వస్తుంది, అయినా పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కన్నారు. ఇజ్రాయెల్‌లో 1966లో లారాన్ అనే డాక్టరు బయటపెట్టిన ఇంకో జబ్బుంది, ఆయన పేరుతోనే లారాన్ సిండ్రోమ్ అంటాం, అందులో గ్రోత్ హార్మోన్ ఉంటుంది కానీ శరీరం దాని మాట వినదు, ఐజీఎఫ్-1 దాదాపు తయారవ్వదు, వాళ్ళలో కూడా యవ్వనం లేటుగా వచ్చినా తండ్రులైనవాళ్ళు ఉన్నారు. అంటే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ బావుంటే గ్రోత్ హార్మోన్ లేకపోయినా బండి లాక్కుని వెళ్తుంది, అవి రెండూ పడుకుంటే గ్రోత్ హార్మోన్ ఎంత పోసినా బండి కదలదు. నీకు పడుకున్నవి ఆ రెండూ.

అట్లాగని మగవాడి సంతానానికి గ్రోత్ హార్మోన్‌తో ఏ సంబంధమూ లేదని చెప్తే అది కూడా తప్పే అవుతుంది. ఉంది. వృషణాల్లో లేడిగ్ కణాలకీ సెర్టోలి కణాలకీ కూడా గ్రోత్ హార్మోన్ రిసెప్టర్లు ఉన్నాయి, ఐజీఎఫ్-1ని వృషణం తన అవసరానికి తనే కొంత తయారు చేసుకుంటుంది, ఎల్‌హెచ్ వచ్చి చెప్పిన మాట లేడిగ్ కణాలు ఇంకొంచెం బాగా వినేట్టు చేస్తుంది. వంటలో ఇంగువలాంటిదనుకో, ఉంటే పప్పుకి రుచి, అంతేగానీ కందిపప్పు లేకుండా ఇంగువతో పప్పు చెయ్యలేం.

దాని అసలు పెద్ద పాత్ర చిన్నతనంలో. ఇది నీకోసం కాకపోయినా ఈ ఉత్తరం చదివే కొత్త అమ్మానాన్నల కోసం రాస్తున్నా. మగబిడ్డ పుట్టినప్పుడు అంగం మామూలుకంటే బాగా చిన్నగా ఉంటే, సాగదీసి కొలిస్తే రెండున్నర సెంటీమీటర్లు కూడా లేకపోతే, దానికి తోడు పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డకి షుగర్ మాటిమాటికీ పడిపోతుంటే, పిట్యూటరీ సరిగ్గా పనిచెయ్యట్లేదేమో అని వెంటనే చూపించాలి, అది గ్రోత్ హార్మోన్, కార్టిసాల్ రెండూ తక్కువుండటం వల్ల కూడా కావచ్చు, కార్టిసాల్ తక్కువైతే ప్రాణం మీదకి వస్తుంది. "పెద్దయ్యాక అదే సర్దుకుంటుందిలే, మా ఆయనకీ అంతే" అని అమ్మమ్మలు అంటారు, వాళ్ళ మాట కాసేపు పక్కనపెట్టి పిల్లల హార్మోన్ డాక్టరుకి చూపించండి. చిన్న బొద్దు పిల్లల్లో కొవ్వులో పూడుకుపోయి చిన్నగా కనపడేది వేరే, అది చాలామందికి అనవసర భయం.

ఇక మీ అక్క కొడుకు. వాడికి నిజంగా లోపం ఉండుంటుంది, ఏటేటా ఎత్తు కొలిచి, ఎముక వయసు ఎక్స్‌రే తీసి, పైన చెప్పిన రెచ్చగొట్టే పరీక్షలు చేసి ఇస్తారు, కారణం లేకుండా ఇవ్వరు. వాడికి అది లేనిదాన్ని భర్తీ చెయ్యడం, నీకు అది ఉన్నదాని మీద ఇంకా పొయ్యడం, మందు పేరు ఒకటే అయినా రెండూ ఒకటి కాదు. అక్కకి ధైర్యం చెప్పు, ఆ ఇంజెక్షన్ల వల్ల వాడికి తర్వాత పిల్లలు పుట్టరు అనే పుకారు ఒకటి మన దగ్గర బాగా తిరుగుతుంది, అందులో నిజం లేదు, పైగా లోపం ఉన్నవాడికి అది అందితే యవ్వనం కూడా వేళకి రావడానికి సాయపడుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోమను. కొందరు పిల్లల్లో గ్రోత్ హార్మోన్ ఒక్కటే కాకుండా పిట్యూటరీలో మిగతావి కూడా తక్కువుంటాయి, అది మొదట్లో తెలీదు. 14 ఏళ్ళు నిండినా వృషణాలు పెరగడం మొదలవ్వకపోతే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ చూపించాలి. అవి లేకపోయినా కంగారు పడాల్సింది లేదు, పెళ్ళయ్యాక పిల్లలు కావాలనుకున్నప్పుడు హెచ్‌సీజీ (ఎల్‌హెచ్‌లా పనిచేసే మందు), ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లు ఇస్తే ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు చాలామందికి వీర్యకణాలు వస్తాయి. జన్మలో ఒక్క వీర్యకణం తయారవ్వని వాళ్ళు కూడా ఆ వైద్యంతో తండ్రులవ్వడం నేను చూశాను, హార్మోన్ డాక్టరుగా అంత తృప్తినిచ్చే వైద్యం ఇంకోటి లేదు నాకు.

సరే, లోపం లేకపోయినా గ్రోత్ హార్మోన్ ఇచ్చి కౌంట్ పెంచొచ్చా అని ఎవరూ చూడలేదా అంటే చూశారు. 1990ల నుంచి చిన్న చిన్న అధ్యయనాలు వచ్చాయి, కొన్నింట్లో కదలిక కొంచెం పెరిగినట్టు కనపడింది, కౌంట్ విషయంలో చెప్పుకోదగ్గ నమ్మకమైన ఫలితం రాలేదు, అవీ కొద్దిమంది మీద చేసినవి, చాలావాటిలో ఉత్త నీళ్ళ ఇంజెక్షన్ ఇచ్చిన గుంపుతో పోల్చి చూసింది కూడా లేదు. అందుకే మగవాళ్ళ సంతాన సమస్యకి గ్రోత్ హార్మోన్ ఇవ్వమని పెద్ద వైద్య సంఘాలేవీ చెప్పట్లేదు. హెచ్‌సీజీతో ఫలితం రాని కొందరు పిట్యూటరీ పేషెంట్లలో తోడుగా ఇచ్చి చూసినవాళ్ళున్నారు, అది స్పెషలిస్టులు ఆలోచించి చేసే పని, జిమ్ములో చేసేది కాదు.

ఎక్కువైతే ఏమవుతుందో కూడా తెలుసుకో. పిట్యూటరీలో గడ్డ వల్ల గ్రోత్ హార్మోన్ ఏళ్ళ తరబడి ఎక్కువ కారే జబ్బుంది, ఆక్రోమెగలీ అంటాం. ఉంగరాలు పట్టవు, చెప్పుల సైజు పెరుగుతుంది, దవడ ముందుకొస్తుంది. మీ ట్రైనర్ లాజిక్ ప్రకారం వీళ్ళకి సంతానం గంపలకొద్దీ ఉండాలి కదా, కానీ చాలామంది మగ పేషెంట్లు నా దగ్గరికి కోరికలు తగ్గాయి, అంగస్తంభన సరిగ్గా లేదు అంటూనే వస్తారు. గడ్డ పక్కనున్న ఎల్‌హెచ్ కణాల్ని నొక్కేయడం కొంత, ప్రొలాక్టిన్ (తల్లుల్లో పాలు పడేట్టు చేసే హార్మోన్) పెరగడం కొంత, షుగర్ కొంత, అన్నీ కలిసి.

ఆ షుగర్ మాట దగ్గర ఆగు. నాన్నకి షుగర్ ఉందన్నావు, నీకు నైట్ షిఫ్టులు, గ్రోత్ హార్మోన్ చేసే మొట్టమొదటి పనుల్లో ఒకటి ఇన్సులిన్ మాట శరీరం వినకుండా చెయ్యడం. జిమ్ము డోసులో వేసుకుంటే మీ ఇంట్లో ఇంకో పదేళ్ళకి రావాల్సిన షుగర్ ఈ ఏడే రావచ్చు. చేతులు నీరు పట్టి మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి వేళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, నీది కీబోర్డు ఉద్యోగం. ఇంకో సంగతి, ఈ మందు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మీ ట్రైనర్ దాన్ని ఎక్కడ్నుంచి తెస్తున్నాడు, ఎండాకాలంలో బైక్ డిక్కీలో ఎంతసేపు ఉంది, లోపలున్నది అసలు అదేనా అనేది దేవుడికే తెలియాలి. 1985 దాకా ఈ హార్మోన్‌ని చనిపోయినవాళ్ళ పిట్యూటరీల నుంచి తీసేవాళ్ళు, చుక్క దొరకడం కష్టం, పిల్లలకే సరిపోయేది కాదు, దానివల్ల కొందరు పిల్లలకి ఏళ్ళ తర్వాత మెదడుని తినేసే ఒక భయంకరమైన జబ్బు వచ్చిందని తేలి ఆపేశారు. అదే ఏడాది ల్యాబులో బ్యాక్టీరియాతో తయారుచేసింది అమెరికాలో అమ్మకానికి వచ్చింది. మంచిదే, ఎంతోమంది పిల్లలు ఎదిగారు, కానీ కావాల్సినంత దొరకడం మొదలయ్యాక జిమ్ములకీ చేరింది. ఇంజెక్షన్ వద్దంటే గ్రోత్ హార్మోన్‌ని పెంచుతుందంటూ ఎంకే-677 అని బిళ్ళలో చుక్కలో ఇస్తానంటాడు చూడు, అది కూడా వద్దు, దేనికీ అనుమతి లేని మందది, ఆకలీ షుగరూ పెంచుతుంది.

మరి ఏం చెయ్యాలి? ముందు ఏదీ వేసుకోకు. కోర్సు తర్వాత కోలుకోడానికని ట్రైనర్లు పీసీటీ పేరుతో ఇచ్చే బిళ్ళలు కూడా వద్దు. దీనికంటే నాకు ఎక్కువ భయం ఏంటంటే నువ్వు 190 చూపించగానే ఎవరో ఒక డాక్టరే మంచి మనసుతో టెస్టోస్టెరాన్ జెల్లో ఇంజెక్షనో రాసిస్తారేమో అని, అలా రాసిన చీటీలు నేను చూశాను. పిల్లలు కావాలనుకుంటున్నంత కాలం బయటి టెస్టోస్టెరాన్ ఏ రూపంలోనూ వద్దు, ఎవరు రాసినా "సార్, మాకు పిల్లలు కావాలి" అని ఒక్క మాట చెప్పు.

ఎండోక్రైనాలజిస్టుకో, మగవాళ్ళ సంతాన సమస్యలు చూసే యూరాలజిస్టుకో చూపించు. వాళ్ళు చేత్తో పరీక్ష చెయ్యాలి, వృషణాల సైజు, వేరికోసీల్ ఉందా అనేవి. ఇది చెయ్యకుండా రిపోర్టులు మాత్రమే చూసి పంపేస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్ళు. వేరికోసీల్ అంటే వృషణం పైన సిరలు వానపాముల్లా ఉబ్బడం, పిల్లలు లేని మగవాళ్ళలో మూడోవంతు మందికి పైగా కనపడుతుంది, నీకు ఇంజెక్షన్లతో పాటు అదీ ఉండొచ్చు కదా. టెస్టోస్టెరాన్ ఉదయాన్నే పరగడుపున మళ్ళీ చూపించు, నైట్ షిఫ్టు చేసొచ్చిన ఉదయం కాదు, రెండు మూడు రోజులు రాత్రిపూట సరిగ్గా పడుకున్నాక. దాంతోపాటు ప్రొలాక్టిన్, థైరాయిడ్, మూడు నెలల షుగర్. ప్రొలాక్టిన్ ఎక్కువుంటేనో, టెస్టోస్టెరాన్ ఇంకా పడిపోతేనో పిట్యూటరీ ఎంఆర్ఐ అడుగుతారు, ఇప్పటికి మాత్రం నీ పిట్యూటరీ ఎందుకు పడుకుందో మనకి తెలుసు. వీర్యపరీక్ష ఒక్కదాంతో ఏదీ తేల్చకూడదు, ఇప్పుడొకటి, మూడు నెలలకి ఇంకోటి, ప్రతి పరీక్షకీ ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యం బయటకు పోకుండా చూసుకుని, వీలైతే ఒకే ల్యాబులో.

మోటరు దానంతటది స్టార్ట్ అవుతుందేమో అని కొన్ని నెలలు చూస్తారు, అవ్వకపోతే దాన్ని తట్టిలేపే మందులు ఉన్నాయి, ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీ ఇంజెక్షన్లు, మెదడుని రెచ్చగొట్టే క్లోమిఫీన్, అవసరమైతే ఎఫ్‌ఎస్‌హెచ్. ఏది, ఎంత, ఎన్నాళ్ళు అనేది నిన్ను చూసిన డాక్టరు చెప్పాలి, నేను ఇక్కడ డోసు రాస్తే నువ్వు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ట్రైనర్‌కి చూపిస్తావు, నాకు తెలుసు. ఐవీఎఫ్ సెంటరుకెళ్తే 3 మిలియన్లు చూసి వెంటనే ఇక్సీ చేసేద్దాం అనొచ్చు, అంటే ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో పంపడం. మంచి పద్ధతే, కానీ మీ ఆవిడకి 29, నీ కారణం వెనక్కి తిప్పగలిగింది, ఓ ఏడాది ఆగడానికి మీకు వీలుంది. ఆమెకి 37 అయ్యుంటే నేను ఇంత తీరిగ్గా మాట్లాడేవాణ్ణి కాదు.

నిద్ర గురించి ఉపన్యాసం ఇవ్వను కానీ ఒక్కటి విను. 2011లో అచ్చైన ఒక చిన్న ప్రయోగంలో పదిమంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళని వారం పాటు రాత్రికి ఐదు గంటలే పడుకోనిస్తే పగటిపూట టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. గ్రోత్ హార్మోన్ కూడా గాఢనిద్రలోనే వస్తుందని పైన చెప్పాగా. నెలకి ముప్పై వేలు పెట్టి కొనబోతున్నది నీ శరీరం ఉచితంగా తయారుచేసేదే, పడుకోనివ్వట్లేదు నువ్వు దాన్ని. కొన్నాళ్ళు డే షిఫ్టు అడిగి చూడు, మెడికల్ లెటర్ ఇవ్వమంటే డాక్టర్లు ఇస్తారు. గురక గట్టిగా ఉంటే అదీ చెప్పు. జిమ్ము మానక్కర్లేదు, బరువులెత్తడం మంచిదే. వే ప్రొటీన్ కూడా మంచి బ్రాండుదైతే దానివల్ల కౌంట్ పడిపోదు, అది పాల విరుగుడు, మన ఇళ్ళల్లో పాపం అన్ని పాపాలూ ఆ డబ్బా మీదకి తోసేస్తారు. వేడి నీళ్ళ టబ్బులు, ఒళ్ళో లాప్‌టాప్ మాను, అంతే.

చివరిది, రాయడానికి నాకే కొంచెం ఇబ్బందిగా ఉంది. ట్యూబ్ టెస్టు అన్నావు చూడు, గర్భసంచిలోకి డై ఎక్కించి తీసే ఎక్స్‌రే అది, నొప్పిగా ఉంటుంది. మీ ఇద్దరి తరఫు పెద్దవాళ్ళు ఎవరిని చూసి నిట్టూర్చి ఉంటారో, ఏ గుళ్ళో ఎవరితో పొర్లు దండాలు పెట్టించి ఉంటారో నేను ఊహించగలను, ఇన్నాళ్ళూ కారణం నీ దగ్గరుందని ఆమెకి తెలీదు. చెప్పు. కోపమొస్తుంది, రానివ్వు, నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. వైద్యం ఏడాది పట్టొచ్చు, ఇంజెక్షన్లు ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టాల్సి రావచ్చు, ఆమెకి తెలియకుండా అది ఎలాగూ నడవదు. మీ అమ్మకి మాత్రం "లోపం కోడలిది కాదు, నాదే, మందులు వాడుతున్నా" అని నువ్వే చెప్పాలి, మీ ఆవిడతో చెప్పించకు.

డాక్టరు దగ్గరికెళ్ళేటప్పుడు ఆ మూడు కోర్సుల ఖాళీ సీసాలు, అట్టపెట్టెలు ఏమైనా మిగిలుంటే ఒక కవర్లో వేసుకుని వెళ్ళు. లేకపోతే ట్రైనర్‌ని అడిగి పేర్లు, ఎన్ని వారాలు, వారానికి ఎన్ని మిల్లీలీటర్లు అని కాగితం మీద రాయించుకో. టెస్టోతో పాటు నాండ్రోలోన్ (కండల కోసం వాడే ఇంకో స్టెరాయిడ్) కలిపి ఇచ్చాడేమో ప్రత్యేకంగా అడుగు, అది కలిస్తే మోటరు స్టార్ట్ అవ్వడానికి ఇంకొంచెం ఎక్కువ టైం పడుతుంది. మూడు నెలలకి రిపోర్టు వచ్చాక మళ్ళీ రాయి.